ముక్కు సర్జరీ: బిల్లు కట్టే ముందు చూడాల్సినవి, కట్టు విప్పాక కనపడేవి

ముక్కు ఆకారం మార్చే సర్జరీ (రైనోప్లాస్టీ) కన్సల్టేషన్ అనగానే హైదరాబాదైనా, విశాఖైనా ముందు కంప్యూటర్‌లో ‘సర్జరీ తర్వాత మీ ముఖం ఇలా ఉంటుంది’ అని బొమ్మ చూపిస్తారు. ఆ బొమ్మను చూసి డాక్టర్‌కు మార్కులు వేయకండి. లైట్ వేసి ముక్కు లోపల చూశారా, కొనను వేలితో నొక్కి గట్టితనం చూశారా, గాలి ఏ వైపు సరిగా ఆడట్లేదో అడిగారా? మా లెక్కలో కన్సల్టేషన్ విలువంతా అక్కడే ఉంది.

మనలో చాలామందికి ముక్కు కొన దగ్గర చర్మం మందం, జిడ్డు కూడా ఎక్కువే. బొంత కప్పిన కుర్చీకి అంచులు కనపడనట్టే, మందపాటి చర్మం కింద మృదులాస్థిని (వంగే మెత్తటి ఎముకను) ఎంత చెక్కినా పైకి తెలియదు. ఇంకా ఇంకా చెక్కుతూ పోతే ఆధారం పోయి ముక్కుపుటాలు నొక్కుకుపోతాయి. గట్టిగా ఊపిరి పీల్చినప్పుడల్లా లోపలికి అతుక్కుంటాయి. అందుకే ఇలాంటి ముక్కుకు తీసేయడం కంటే నిలబెట్టడం ముఖ్యం. ముక్కు మధ్య గోడ నుంచో, చెవి నుంచో, పక్కటెముక నుంచో మృదులాస్థి తీసి కొనకు ఊతంగా కుడతారు. చప్పిడి ముక్కును ఎత్తు చేయడానికి సిలికాన్ ముక్క పెడితే పని తేలిక. కానీ ఇన్ఫెక్షన్ వస్తే దాన్ని సాధారణంగా తీసేయాల్సి వస్తుంది. కొన దాకా పెడితే పైచర్మం పలచబడి ఎర్రబారి, ఒక్కోసారి ముక్క బయటికే వచ్చేస్తుంది. మేమైతే సొంత మృదులాస్థి వైపే.

ముక్కు దూలం మీద బొడిపె తీయించుకునేవాళ్లకు ఒక మాట. బొడిపె అరగదీస్తే పైన సందు మిగులుతుంది. దాన్ని మూయడానికి రెండు పక్కల ఎముకను కోసి లోపలికి జరుపుతారు. కళ్ల కింద నలుపు ఎక్కువగా దాని వల్లే వస్తుంది, 10 నుంచి 14 రోజుల్లో తగ్గుతుంది.

బిల్లు మాత్రం కాగితం మీద రాయించుకోండి. సర్జన్, మత్తు డాక్టర్, థియేటర్, గది, మందులు విడివిడిగా ఉండాలి, మళ్లీ సరిచేయాల్సి వస్తే ఎంతో కూడా అందులోనే ఉండాలి. అందం కోసం చేయించుకునే సర్జరీకి 18 శాతం జీఎస్టీ పడుతుంది. లక్షన్నర అన్నది 1,77,000 అవుతుంది. పుట్టుకతో వచ్చిన లోపానికో, దెబ్బ తగిలి వంకరపోయిన ముక్కుకో చేస్తే ఆ పన్ను లేదు. అందం కోసం చేసిందానికి ఇన్సూరెన్స్ రాదు. మధ్య గోడ వంకర వల్ల ఊపిరి ఆడకపోతే ఆ భాగానికి వచ్చే వీలుంది కాబట్టి ముందే కంపెనీని అడిగి, బిల్లు వేరుగా తీసుకోండి.

సిగరెట్ కనీసం 4 వారాల ముందు ఆపాలి, లేకపోతే గాయం సరిగా మానదు. ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, చేపనూనె మాత్రలు వాడుతుంటే చెప్పండి. గుండెకు వేసుకునే మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు.

సర్జరీ 2, 3 గంటలు. నొప్పి భయపడినంత ఉండదు, విసిగించేది ముక్కు మూసుకుపోవడం. రాత్రంతా నోటితో పీల్చి పెదవులు ఎండిపోతాయి, ముక్కు కింద గాజుగుడ్డ తడిసినప్పుడల్లా మార్చాలి. రెండు దిండ్లు ఎత్తు పెట్టుకోవాలి. ఐస్ చెంపల మీద పెట్టాలి, ముక్కు మీద కాదు. 2 వారాలు చీదకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. కళ్లద్దాలు దూలం మీద ఆనకుండా 4 నుంచి 6 వారాలు, ముక్కుపుడక డాక్టర్ సరే అనేదాకా పక్కన పెట్టాలి.

7వ రోజు ప్లాస్టర్ తీస్తారు. చాలామంది కంగారుపడేది అప్పుడే. కొన ఉబ్బి పైకి తిరిగినట్టుంటుంది, చర్మం మీద జిడ్డు, చిన్న మొటిమలు, ముట్టుకుంటే మొద్దుగా ఉంటుంది, నవ్వితే పైపెదవి బిగిసినట్టుంటుంది. అది మీ కొత్త ముక్కు కాదు, వాపు. దూలం వాపు త్వరగానే దిగుతుంది. కొన దిగడానికి ఏడాది, మందపాటి చర్మానికి ఏడాదిన్నర. సరిచేసే సర్జరీకి ఏడాది నిండకముందే తొందరపెట్టే చోట చేయించుకోవద్దు.

ఆగకూడని సందర్భం ఒకటుంది. మొదటి రోజుల్లో రెండు వైపులా ఒక్కసారిగా బిగుసుకుపోయి, నొప్పి తగ్గకుండా పెరుగుతుంటే, జ్వరం వచ్చినా రాకపోయినా, మధ్య గోడ పక్కన రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. మృదులాస్థికి రక్తం అందేది పైపొర నుంచే. మధ్యలో గడ్డ అడ్డుపడితే మృదులాస్థి చచ్చి దూలం కుంగిపోతుంది. అదే రోజు వెళ్లి తీయించుకోవాలి. అర్ధరాత్రి ఫోన్ ఎత్తే నంబర్ ఎవరిదో డిశ్చార్జికి ముందే తీసుకోండి.

సూదితో పావుగంటలో ముక్కు సరిచేస్తామనే ఫిల్లర్ (చర్మం కింద ఎక్కించే జెల్) ఎత్తు పెంచగలదు, తగ్గించలేదు. రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చిపోవచ్చు, చూపు కూడా పోవచ్చు. బ్యూటీ పార్లర్‌లో అస్సలు వద్దు.

సర్జన్‌ను ఎంచుకునేటప్పుడు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ (సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) ఉందా, ఈఎన్‌టీ అయితే ముక్కు ఆకృతి సర్జరీలో ప్రత్యేక శిక్షణ ఉందా అని అడగండి. తర్వాత, మీలాంటి మందపాటి చర్మం ఉన్నవాళ్ల ఫొటోలు అడగండి. వారానికి తీసినవి కాదు, ఏడాదికి తీసినవి, ఒకే వెలుతురులో, పక్క నుంచీ కింద నుంచీ.