మా వరల బావికి రెండోసారి పూడిక తీయించాం, ఈసారి వచ్చినవాళ్ళ గురించి

విజయవాడ పాయకాపురంలో మాది పాత ఇల్లు, పెరట్లో వరల బావి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మీద పడ్డప్పుడు బావి గట్టు ఎక్కడుందో కూడా కనపడలేదు. నీళ్ళు తీశాక ఒక కంపెనీని పిలిచాం (పేరెందుకులెండి). మోటారు పెట్టి తోడి, పైపైన బురద తీసి, రెండు ప్యాకెట్ల బ్లీచింగ్ పొడి అలాగే కుమ్మరించి, మర్నాడే నీళ్ళు టెస్టు చేసి అంతా ఓకే అని కాగితం చేతిలో పెట్టారు. క్లోరిన్ కంపు కొడుతున్న నీళ్ళలో క్రిములు దొరక్కపోవడం వింతేముంది? అది మాకు అప్పుడు తట్టలేదు. తర్వాతి వానలకి మళ్ళీ మురుగు వాసన.

ఈసారి ఎదురింటి పిన్నిగారు చెప్పిన ముగ్గురు మనుషుల టీంని పిలిచాం. ఏడింటికని చెప్పి పదకొండింటికి వచ్చారు, నాకు ఒళ్ళు మండింది. కానీ పెద్దాయన బావిలోకి తొంగి చూడకుండా ముందు చుట్టూ తిరిగాడు. "సెప్టిక్ ట్యాంకు ఎక్కడమ్మా?" అని అడిగి అడుగులేసి కొలిచాడు. ముప్ఫై అడుగులే వచ్చింది, కనీసం యాభై ఉండాలట. తర్వాత చప్టా మీద ఒక బకెట్ నీళ్ళు పోయించి, నా చేతికి అద్దం ఇచ్చి ఎండని బావిలోకి కొట్టమన్నాడు. పైన పోసిన నీళ్ళు రెండో వర అతుకులోంచి సన్నగా కారుతున్నాయి! అంటే మేం బట్టలుతికిన సబ్బు నీళ్ళు ఇన్నాళ్ళూ తిన్నగా బావిలోకే పోతున్నాయి.

దిగేముందు లోపల గాలి బాగుందో లేదో దీపం దించి చూశారు. అది ఆరకపోయినా కాసేపు బ్లోయర్ పెట్టి, నడుముకి తాడు కట్టుకునే దిగారు. పూడిక తీశాక పైవరల అతుకులన్నీ సిమెంటుతో మూసి, చప్టాకి వాలు పెట్టి, కాలవ దూరంగా మళ్ళించారు. బ్లీచింగ్ కూడా బావి చుట్టుకొలత, నీటి లోతు చూసి లెక్కకట్టి తూచారు. బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకి దిగేదాకా ఆగి, పైన తేట మాత్రమే వేరే బకెట్‌లోకి వంచి, దాన్ని తాడుతో నీళ్ళలోకి దించి పైకీ కిందకీ ఆడించారు. ఆ సున్నం బావిలో పడితే నీళ్ళ కఠినత్వం ఇంకా పెరుగుతుందట.

టెస్టు మాత్రం క్లోరిన్ వాసన పూర్తిగా పోయాకే, పది రోజులకి. మురుగు క్రిములుంటే నల్లబడే మందున్న చిన్న సీసాలో నీళ్ళు పోసి రెండు రోజులుంచారు, నల్లబడలేదు. అయితే ల్యాబులో నైట్రేటు (మురుగు, ఎరువుల నుంచి నీళ్ళలోకి దిగే లవణం) లీటరుకి 60 మిల్లీగ్రాములు వచ్చింది, ఉండాల్సింది 45 లోపు. దీనికి బ్లీచింగ్ పనిచేయదు, మరగబెడితే నీరు ఆవిరై నైట్రేటు ఇంకా చిక్కబడుతుంది. "తాగకండి, స్నానానికీ మొక్కలకీ వాడుకోండి" అని పెద్దాయన మొహం మీదే చెప్పాడు. అంత పని చేసినవాడు ఆ మాట చెప్పడం నాకు నచ్చింది.

8,000 అని 9,500 తీసుకున్నారు, సిమెంటు ఖర్చు వేరని ముందే చెప్పొచ్చుగా. పూడిక మట్టి రెండు రోజులు గేటు ముందే ఉంది, వీధంతా కంపు. అందుకే అయిదుకి నాలుగు.

ఆ మట్టిలో మా నాయనమ్మ ఎప్పుడో పారేసుకున్న ఇత్తడి చెంబు దొరికింది. మొదటివాళ్ళు అసలు అడుగుదాకా వెళ్ళనేలేదన్నమాట.