కెనాన్ 85 ఎంఎం ఎఫ్/1.8: పోర్ట్రెయిట్లకు చాలు, విశాఖ ఆర్కే బీచ్‌లో మాత్రం జాగ్రత్త

1992 నాటి లెన్సు, బరువు 425 గ్రాములు. సినిమా వాళ్ల క్లోజప్‌లలో కనిపించే మెత్తటి నేపథ్యం దీనితో సులువుగానే వస్తుంది. క్రాప్ బాడీకి (చిన్న సెన్సర్ ఉన్న కెమెరాకి) తగిలిస్తే 136 ఎంఎంలా పనిచేస్తుంది, అంటే ఫ్రేమ్ ఇంకా బిగుతవుతుంది కాబట్టి ఇరుకు స్టూడియోలో కావలసినంత వెనక్కి జరగడానికి చోటుండదు. 85 సెంటీమీటర్లకన్నా దగ్గరైతే ఫోకస్ కుదరదు.

అసలు తంటా ఆర్కే బీచ్‌లో పొద్దున్నే. సూర్యుడు సముద్రం మీంచి వస్తాడు. మనిషిని సముద్రానికి వీపు పెట్టి నిలబెడితే జుట్టు అంచుల్లో ఊదారంగు గీతలు. ఎపర్చర్‌ని (వెలుగు వచ్చే రంధ్రాన్ని) ఎఫ్/2.8కి దించి చిన్నది చేస్తే చాలావరకు పోతాయి. చేతి వణుకును సర్దే స్టెబిలైజేషన్ లేదు, షట్టర్ వేగం 1/200 సెకను కన్నా తగ్గనివ్వకండి.

ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తీస్తే గాజు మసకబారుతుంది. అరగంట బ్యాగులోనే ఉంచాలి. ఉప్పుగాలికి గాజు మీద పేరుకున్న పొడిని బ్లోయర్‌తో ఊదకుండా తుడిస్తే గీతలే. విశాఖ తేమకి సిలికాజెల్ లేని బీరువాలో పెడితే ఫంగస్‌ ఖాయం.