కాక్టస్‌కు మట్టి కుండీనా, ప్లాస్టిక్ కుండీనా? ఊరిని బట్టి ఏది మేలు

ఇళ్లల్లో కాక్టస్ ఎండకు చచ్చేది తక్కువ, వేరు కుళ్లి చచ్చేదే ఎక్కువ. అందుకే ఎవరిని అడిగినా మట్టి కుండీయే కొనమంటారు. ఆ సలహా విశాఖలో మొక్కను కాపాడుతుంది. అనంతపురంలో అదే సలహా దాన్ని ఎండగడుతుంది. మొక్క పేరు కన్నా ముందు చూడాల్సింది, మీ ఊళ్లో కుండీ తడి ఎన్ని రోజుల్లో ఆరుతుందన్నది.

రంగు పూయని మట్టి కుండీ గోడంతా తడిని బయటికి వదులుతుంది. ప్లాస్టిక్ కుండీలో తడి పోవాలంటే పైనుంచి ఆవిరవ్వాలి, లేదా అడుగు రంధ్రాల్లోంచి కారాలి. రెండింటికీ ఉన్న తేడా ఇంతే, కానీ మిగతాదంతా దీనిమీదే ఆధారపడి ఉంటుంది.

విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో జూన్‌లో మొదలైన వానలు తగ్గాయనుకునేసరికి అక్టోబరులో ఈశాన్య రుతుపవనం, దానితో తుపానులు. వాన లేని రోజు కూడా గాలిలో తేమే. ఇక్కడ మట్టి కుండీదే పైచేయి. డాబా మీద గాలి కొట్టినా దాని బరువుకు అది నిలుస్తుంది, ప్లాస్టిక్‌ది దొర్లిపోతుంది. అయితే వానలో వదిలేస్తే మట్టి కుండీ కూడా ఏమీ చెయ్యలేదు. పైన పారదర్శకమైన షీటు వేసి, నాలుగు పక్కలా గాలికి వదలాలి.

అనంతపురం, కర్నూలు వైపు కథ వేరు. మేలో వేడిగాలికి 10 సెంటీమీటర్ల మట్టి కుండీ ఒకటి రెండు రోజుల్లో ఎండిపోతుంది. కాక్టస్ సన్నని వేళ్లు కుండీ గోడకే అంటుకుని పెరుగుతాయి కాబట్టి ముందు మాడేవి అవే. మొక్క ముడుచుకుంటుంది. దాహమేసిందని నీళ్లు పోస్తాం, కానీ తాగడానికి వేళ్లు లేవు. ఇంకా పోస్తాం, అప్పుడు కుళ్లు మొదలవుతుంది. చాలామంది ఎక్కువ నీళ్లతో చచ్చిందనుకునే మొక్క నిజానికి మొదట ఎండి చచ్చినదే. దీనికి తోడు బోరు నీళ్లు. మట్టి కుండీ బయట తెల్లగా పేరుకునేది ఆ నీళ్లలోని ఉప్పే, లోపలి గోడకూ అంతే పేరుకుంటుంది. అక్కడ ప్లాస్టిక్ నయం. వాన నీళ్లు పట్టి పెట్టుకోగలిగితే ఇంకా నయం.

ప్లాస్టిక్‌కు ఒక పెద్ద లోపం ఉంది. నల్ల కుండీకి పడమటి ఎండ నేరుగా తగిలితే ఆ వైపు వేళ్లు ఉడికిపోతాయి. కుండీలను దగ్గర దగ్గరగా పెట్టి ఒకదాని నీడ ఇంకొకదానికి పడేలా చూడండి, లేదా తెల్ల రంగు కుండీలు వాడండి. ఏప్రిల్, మే నెలల్లో ఎండను సగం ఆపే 50 శాతం నీడవల కట్టండి.

హైదరాబాద్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. అక్కడైతే మామిల్లేరియా రకం చిన్న కాక్టస్‌లకు ప్లాస్టిక్, గోల్డెన్ బ్యారెల్ అనే బరువైన కాక్టస్‌కు మట్టి మేలు. చలిదేశాల్లో అపార్ట్‌మెంటు కిటికీలో పెంచే తెలుగువాళ్లకు ప్లాస్టికే సులువు. కాకపోతే చలికాలంలో నీళ్లు దాదాపు మానెయ్యాలి.

ఏ కుండీ అయినా మొక్క వెడల్పు కన్నా 2, 3 సెంటీమీటర్లే పెద్దది ఉండాలి. కుండీలో నింపే మిశ్రమంలో తీరంలోనైతే మూడు పాళ్లు గరుకు సరుకు, ఒక పాలు బాగా చివికిన ఎరువు. పొడి ప్రాంతంలో గరుకు సరుకు రెండు పాళ్లు చాలు. గరుకు సరుకంటే 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఇటుక ముక్కలు, ముతక ఏటి ఇసుక, జల్లెడ పట్టి దుమ్ము తీసేసినవి. సముద్రపు ఇసుక మాత్రం వద్దు, ఉప్పు వేళ్లను తినేస్తుంది. అడుగున గులకరాళ్ల పొర వేస్తే నీళ్లు బాగా దిగుతాయన్నది పొరపాటు. పైనున్న మిశ్రమం పూర్తిగా నానితే తప్ప నీళ్లు రాళ్లలోకి దిగవు, పైగా ఆ తడి వేళ్ల దగ్గరికే వస్తుంది.

నీళ్లు ఎప్పుడు పొయ్యాలో మట్టి కుండీ తానే చెబుతుంది. తడిగా ఉంటే గోడ ముదురు రంగులో, చల్లగా ఉంటుంది, వేలితో కొడితే మొద్దుగా పలుకుతుంది. ఆరితే రంగు పాలిపోయి ఖంగుమంటుంది. ప్లాస్టిక్‌ను చేత్తో ఎత్తి చూడాలి, నీళ్లు పోసిన రోజు బరువు గుర్తుంటే చాలు. సందేహముంటే వెదురు పుల్ల అడుగుదాకా గుచ్చి పది నిమిషాలాగి తీయండి. పుల్ల చల్లగా తగిలితే ఇంకా ఆగాలి.

మొదలు మెత్తబడి గోధుమరంగుకు తిరిగితే కుండీ మార్చి లాభం లేదు. శుభ్రమైన కత్తితో కింది నుంచి పైకి కోస్తూ, కోతలో గోధుమ మచ్చ ఒక్కటీ లేని చోటు వరకు వెళ్లండి. ఆ పై ముక్కను నీడలో పది రోజులు ఆరబెట్టి, కోత గట్టిపడ్డాక పొడి ఇసుక మీద నిలబెట్టండి. వేళ్లు కనపడేదాకా నీళ్లు చుక్క కూడా పొయ్యకండి.