14 నెలలు, 900 కిలోమీటర్లు: నా స్టెబిలిటీ షూ సంగతి

పాత షూ జతను గచ్చు మీద పెట్టి వెనక నుంచి చూస్తే రెండూ లోపలికి ఒరిగి ఉండేవి. అప్పటికి రెండు నెలలుగా కాలి ముందెముక లోపలి అంచున ఒకటే సలుపు. డాక్టరు వేలితో నొక్కి చూసి, ఎముకకేం కాలేదు, పరుగు తగ్గించు, షూ మార్చు అన్నారు.

హన్మకొండలో ఒక షాపుకెళ్తే సేల్స్ అబ్బాయి "చదును పాదం సార్, మీకు స్టెబిలిటీయే" అని నిమిషంలో తేల్చేశాడు. స్టెబిలిటీ షూ అంటే పాదం లోపలికి ఒరగకుండా ఆసరా ఇచ్చేది. తడి పాదం ముద్ర చూసి చెప్పే జోస్యాన్ని నేను పెద్దగా నమ్మను. అమెరికా సైన్యంలో కొత్తగా చేరినవాళ్లకు పాదం వంపును బట్టి షూ ఇచ్చి చూశారు, దెబ్బలు చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు. నన్ను ఒప్పించింది ఒరిగిపోయిన ఆ పాత జతే.

నేను దెబ్బతిన్నది సైజు దగ్గర. పొద్దున పదింటికి వెళ్లి 9 తెచ్చుకున్నా. పరిగెత్తితే పాదం ఉబ్బుతుందన్న సంగతి అప్పుడు తట్టలేదు. రెండు వారాలకే బొటనవేలి గోరు నల్లబడింది. బయట వాడినది వాపసు తీసుకోం అని షాపువాళ్లు చెప్పేశారు. ఆ జత మేనల్లుడి పాలైంది. మళ్లీ సాయంత్రం పూట, పరుగుకు వాడే సాక్సులతోనే వెళ్లి, అదే మోడల్‌లో తొమ్మిదిన్నర తీసుకున్నా. 12 వేల చిల్లర. వడ్డేపల్లి చెరువు కట్ట మీద రోజూ కలిసే పెద్దాయన ధర విని, "గా పైసలకు మేక వస్తుండె గద తమ్మీ!" అన్నాడు.

బరువు సుమారు 300 గ్రాములు, మడమకూ ముందు భాగానికీ ఎత్తు తేడా 10 మిల్లీమీటర్లు. పాత రకం స్టెబిలిటీ షూలలో పాదం వంపు కింద గట్టి ఫోమ్ ముక్క ఉండేది. ఇప్పుడు పద్ధతులు మారాయి. 2023లో వచ్చిన ఏసిక్స్ కంపెనీ కయానో 30లో ఆ గట్టి ముక్క తీసేసి అడుగు వెడల్పు చేశారు. బ్రూక్స్ కంపెనీ అడ్రినలిన్‌లో మడమకు రెండు పక్కలా పట్టాల్లాంటివి ఉంటాయి. నాది కూడా వెడల్పు అడుగు రకమే. మొదటి నాలుగు కిలోమీటర్లు మామూలు మెత్తటి షూకీ దీనికీ తేడా తెలియదు. కాళ్లు బరువెక్కి చీలమండ లోపలికి పడబోయేటప్పుడు మాత్రం కింద ఏదో ఆపినట్టుంటుంది. నేను డబ్బు పెట్టింది ఆ ఆఖరి రెండు కిలోమీటర్లకే.

నొప్పి తగ్గింది. కానీ ఆ నెలల్లో పరుగూ తగ్గించాను, పిక్కల వ్యాయామమూ చేశాను. అంతా షూ పుణ్యమే అనలేను.

చిరాకులూ ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరు దాటితే లోపల పాదం ఉడికిపోతుంది. వానాకాలం కట్ట మీది తడి టైల్స్ మీద మలుపులో రెండుసార్లు జారాను. తడిస్తే ఇన్‌సోల్ తీసి, లోపల పాత పేపర్లు కుక్కి ఫ్యాను కింద పెడతాను. ఎండలో పెడితే ఫోమ్, జిగురు పాడవుతాయి. మడమ జారకుండా పైనున్న అదనపు రంధ్రంలోంచి కూడా లేసు వేసుకోవాల్సి వచ్చింది.

700 కిలోమీటర్లు దాటాక ఫోమ్‌లో జీవం పోయింది. అడుగున రబ్బరు ఇంకా బాగానే ఉంది, అందుకే మరో 200 సాగదీశాను. మోకాళ్లు గొణిగాక ఆపాను. ఇప్పుడవి కూరగాయల మార్కెట్‌కు. మొన్న గచ్చు మీద పెట్టి వెనక నుంచి చూశాను. కుడిది కొంచెం ఒరిగింది, ఎడమది నిటారుగానే ఉంది. రెండో జత కూడా ఇదే తీసుకున్నాను, మళ్లీ తొమ్మిదిన్నరే.