జాక్ రస్సెలా, యార్కీయా, ఊరకుక్కా? మన ఎండలో, మన వాకిట్లో ఏది మేలు

పోయిన నెల మిర్యాలగూడ నుంచి మా బామ్మర్ది ఫోన్ చేసిండు. "బావా, జాక్ రస్సెల్ పిల్లను తెచ్చుకుందామనుకుంటున్నా. చిన్న కుక్కే గదా, ఇంట్ల ఒక మూలకు పడుంటది." వీడియోల్లో అది గాలిలోకి ఎగిరి బంతి పట్టడం చూసి మనసు పడ్డాడట. యార్కీ (యార్క్‌షైర్ టెర్రియర్) అయితే ఇంకా ముద్దుగా ఉంటుందని చెల్లెలు అంటోంది, ఉట్టిగా దొరికే ఊరకుక్కపిల్ల ఉండగా పైసలు పెట్టుడెందుకని అత్తమ్మ అంటోంది.

"పడుంటది" అన్న మాట దగ్గరే నాకు భయమేసింది. జాక్ రస్సెల్, యార్కీ రెండూ టెర్రియర్లే. టెర్రియర్ పేరులోనే మట్టి ఉంది, లాటిన్‌లో 'టెర్రా' అంటే నేల. బొరియలోకి దూరి నక్కనో ఎలుకనో బయటికి తరమడానికి పెంచిన జాతులివి. జాక్ రస్సెల్‌కు ఆ పేరు ఇంగ్లండ్‌లోని డెవన్ పాదిరి జాన్ రస్సెల్ వల్ల వచ్చింది. ఆయనకు నక్కల వేటంటే ప్రాణం. 1819లో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతుండగా ఒక పాలవాడి దగ్గర ట్రంప్ అనే ఆడకుక్కను కొన్నాడని, ఆ సంతతే ఇదని చెప్తారు. రెండొందల ఏళ్లుగా పనికోసం పెంచిన కుక్క సోఫా మీద కూర్చోమంటే కూర్చుంటుందా?

నల్లగొండ దగ్గర బత్తాయి తోట ఉన్న మా దోస్తు ఒకడు దీన్నే తెచ్చాడు. ఎలుకల పని పట్టింది, అబద్ధం చెప్పను. కానీ బొరియ వాసన తగిలిన ప్రతి పాదునూ తవ్వింది, డ్రిప్ పైపులు కొరికింది. నాటుకోళ్లలో మూడింటిని ఒకే పొద్దున చంపింది. దాని తప్పేం లేదు, ఉరికేదాన్ని పట్టడమే దాని చదువు. మా బామ్మర్ది ఇంట్లో పన్నెండు కోళ్లున్నాయి.

ఇంకో సంగతి దుకాణాల్లో ఎవరూ చెప్పరు. టెర్రియర్‌కు వెనక్కి తగ్గడం రాదు. నాగుపాము పడగ విప్పితే మిగతా కుక్కలు దూరం నుంచి మొరుగుతాయి, ఇది మీదికి పోతుంది. పొలాల్లో జింక్ ఫాస్ఫైడ్ మందు తిని చచ్చిన ఎలుకను నోట పట్టినా ప్రమాదమే. ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ మనుషులకూ అంటుకుంటుంది కాబట్టి ఆ టీకా తప్పనిసరి. రైస్ మిల్లుల ఊరిలో ఈ మూడూ పుస్తకంలోని మాటలు కావు.

యార్కీ సంగతి వేరు. దాని పూర్వీకులు యార్క్‌షైర్ బట్టల మిల్లుల్లో ఎలుకలు పట్టినవే, ఆ పొగరు ఇంకా పోలేదు. కానీ బరువు మూడు కిలోలు. అద్దె ఇంట్లో మేడ మీద ఉండేవాళ్లకు సరిపోతుంది. దాని బొచ్చు మన జుట్టులాగా పెరుగుతూనే ఉంటుంది, రోజూ దువ్వాలి, ఎండాకాలం ముందు కత్తిరించాలి. మెడకు బెల్టు వేసి గుంజొద్దు, శ్వాసనాళం మెత్తన, ఛాతీకి వేసే పట్టీ కొనాలి. మోకాలి చిప్ప జారడం, పళ్లు పాడవడం మామూలు. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో అయితే నేను వద్దంటాను, ఎత్తుకుని జారవిడిస్తే కాలు విరుగుతుంది.

జాక్ రస్సెల్ ఐదు నుంచి ఎనిమిది కిలోలు ఉంటుంది. పొట్టి వెంట్రుకలు, బాగోగులు తక్కువ. కంటి లెన్స్ జారే జబ్బు, చెవుడు వంశంలో ఉంటాయి కాబట్టి తల్లిని చూపించనివాళ్ల దగ్గర కొనొద్దు. రోజుకు కనీసం గంట ఉరికించాలి. నల్లగొండలో మే నెల ఎండ 44 డిగ్రీలు దాటుతుంది, కాబట్టి ఆ గంట పొద్దున ఆరున్నర లోపే. ఉరికించకపోతే ఇల్లు తవ్వుతుంది, నాలుగడుగుల గోడ దూకుతుంది.

(పిట్‌బుల్ కూడా టెర్రియరే కదా అని బామ్మర్ది అడిగాడు. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల అమ్మకం, పెంపకం ఆపమని రాష్ట్రాలకు రాసిన లేఖలో అది ఉంది, కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టేసింది. కోర్టుల గొడవ పక్కనపెట్టినా, మొదటి కుక్కగా దాని జోలికి పోవద్దన్నాను.)

ఇక ఊరకుక్క. మన ఎండకు పుట్టింది, మన జొన్నన్నం తింటుంది, పదిహేను ఇరవై కిలోలకు పెరిగి గేటు కాస్తుంది. చిన్నప్పటి నుంచి కోళ్ల మధ్య పెరిగితే చాలావరకు వాటి జోలికి పోదు. పిడుదుల జ్వరం దీనికీ తప్పదు, మూడో నెలలో రేబిస్ టీకా, అంతకుముందు పార్వో (వాంతులు, రక్త విరేచనాల జబ్బు) టీకాలు దీనికీ వేయించాలి. ఉట్టిగా వచ్చిందని ఉట్టిగా పెరగదు.

కోళ్లున్న ఇల్లు, పొలం గట్టు, పగలంతా మిల్లులో ఉండే యజమాని: నా లెక్కలో అత్తమ్మ మాటే నెగ్గింది. కోళ్లు లేకుండా, పొద్దున నడిచే అలవాటున్న మనిషి అడిగి ఉంటే జాక్ రస్సెల్‌కే ఓటు వేసేవాణ్ని. ఆ కుక్కంత హుషారు నేనెక్కడా చూడలేదు.

బామ్మర్ది వినలేదు. అయితే ఒక పని చెయ్యి, కుక్క లేకుండానే వారం రోజులు పొద్దున ఐదున్నరకు లేచి గంట నడువన్నాను. మూడో రోజు ఏడింటికి ఫోన్ చేస్తే అత్తమ్మ ఎత్తింది. "వాడింకా లేవలేదు బిడ్డా."