ఆఫర్‌లో కొన్న ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ వంటకాలు ఎక్కడ చూసినా "రాజ్మా 25 నిమిషాల్లో" అని ఉంటుంది. ఆ 25 నిమిషాలు ఎప్పుడు మొదలవుతాయో మాత్రం ఎవరూ చెప్పరు. నాది 6 లీటర్ల, 1000 వాట్ల కుక్కర్. గిన్నె సగం నింపి మూత బిగిస్తే ప్రెషర్ ఎక్కడానికే పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా టైమర్ కదలదు. మూత మీది చిన్న పిన్ టక్కున పైకి లేచి, సన్నగా వస్తున్న ఆవిరి ఆగిపోయాకే లెక్క మొదలవుతుంది. ఉడికాక ప్రెషర్ దానంతటదే దిగడానికి ఇంకో పదిహేను, ఇరవై నిమిషాలు. అన్నీ కలిపితే దగ్గర దగ్గర గంట. ఈ సంగతి తెలియక కొన్నవాళ్లు మొదటి వారంలోనే విసుక్కుని దాన్ని అటకెక్కిస్తారు.

అయినా నా వంటింట్లో స్టవ్ కంటే ఎక్కువ పనిచేసింది ఇదే. ఆ గంటలో నేను చేసే పని అయిదారు నిమిషాలు మించదు. విజిళ్లు లెక్కపెట్టక్కర్లేదు, మంట తగ్గించక్కర్లేదు, ఫోన్ వస్తే అడుగంటుతుందేమోనని టెన్షన్ లేదు. ఆఫీసు నుంచి వచ్చి స్విచ్ వేసి స్నానానికి వెళ్లిపోవచ్చు. త్వరగా వండేస్తుందని దీన్ని కొనకండి. మనం పక్కన నిలబడక్కర్లేకుండా వండుతుంది, దీని విలువంతా అక్కడే ఉంది.

కొత్త మోడల్ వచ్చాక పాతది ధర తగ్గించి అమ్ముతుంటే కొన్నాను. రెండింటి వివరాలూ పక్కపక్కన పెట్టి చదివితే గిన్నె అదే, వాట్లు అవే, ప్రెషర్ అదే. కొత్తదానికి పెద్ద డిస్‌ప్లే, ఇంకో నాలుగు బటన్లు ఎక్కువ. బటన్ల సంగతి చెప్పాలంటే, నేను వాడేవి మూడే: ప్రెషర్, వేయించడం, ఆపేయడం. "అన్నం", "సూప్", "బీన్స్" అని రాసి ఉన్నవన్నీ ముందే సెట్ చేసిపెట్టిన సమయాలే. వాటికోసం అదనంగా డబ్బు పెట్టడం దండగ.

నిజానికి ఆఫర్‌లో మిగిలిన దానికన్నా ఆ తర్వాత సరుకుల్లో మిగిలిందే ఎక్కువ. డబ్బాల్లో ఉడికించి అమ్మే శనగలు, రాజ్మా కొనడం పూర్తిగా మానేశాను. ఎండు గింజలు ఉడికితే రెండు రెట్లకు పైగా బరువు తూగుతాయి. అంటే డబ్బాలో మనం డబ్బిచ్చి కొనేదాంట్లో సగానికి పైగా నీళ్లే. అసలు ప్రెషర్ కుక్కర్ పుట్టిందే చవక సరుకు కోసం. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గట్టిగా బిగించిన పాత్రలో ఆవిరిని బంధించి, పారేసే ఎముకల్ని మెత్తగా ఉడికించి చూపించాడు. పాత్ర పేలకుండా సేఫ్టీ వాల్వ్ పెట్టిందీ ఆయనే. పెట్టె మీది రంగురంగుల బొమ్మల్లో ఖరీదైన వంటలన్నీ ఉంటాయిగానీ, దీని అసలు ప్రతిభ బయటపడేది గట్టి గింజల దగ్గరే.

వారం మధ్యలో నేను ఎక్కువగా చేసేది ఇది. పొద్దున వెళ్లేటప్పుడు శనగలు కొంచెం ఉప్పు వేసిన నీళ్లలో నానబెడతాను. ఉప్పు వేస్తే గింజ గట్టిపడుతుందని చాలామంది అంటారు, కానీ జరిగేది అందుకు వ్యతిరేకం. ఉప్పులోని సోడియం పై తొక్కలోని కాల్షియం, మెగ్నీషియం స్థానంలోకి చేరి తొక్కను మెత్తబరుస్తుంది. సాయంత్రం వచ్చాక నీళ్లు మార్చి శనగలు అడుగున వేసి, వాటి మీద స్టాండు, స్టాండు మీద చిన్న స్టీలు గిన్నెలో బియ్యం, నీళ్లు. ప్రెషర్ ఎక్కాక పద్దెనిమిది నిమిషాలు, తర్వాత దానంతటదే దిగనివ్వడం. మూత తీసేసరికి అన్నం, శనగలు రెండూ సిద్ధంగా ఉంటాయి. అన్నం కాస్త మెత్తగానే వస్తుంది, పొడిపొడిగా కావాలనుకునేవాళ్లకు ఈ పద్ధతి నచ్చదు. టమాటాలు, నిమ్మరసం లాంటి పులుపేదైనా శనగలు ఉడికాకే వేయాలి. ముందే వేస్తే గింజ మెత్తబడదు, ఎంతసేపు ఉంచినా లోపల పలుకు మిగిలిపోతుంది.

గుడ్లయితే స్టాండు మీద పెట్టి అయిదు నిమిషాలు ఉడికించి వెంటనే చల్లటి నీళ్లలో వేస్తే పెంకు రెండు ముక్కలుగా ఊడి వస్తుంది. బంగాళాదుంప ముక్కలకు నాలుగు నిమిషాలు చాలు. ఆకుకూరలు, చేపలు మాత్రం ఇందులో వండకండి, గుజ్జైపోతాయి.

ఇక లోపాలు. వేయించడం దీనికి చేతకాదు. బటన్ ఉంది, పనీ చేస్తుంది, కానీ గిన్నె మధ్యలో ఒక చోట మాడుతుంటే అంచుల్లో ఉల్లిపాయ ఇంకా తెల్లగానే ఉంటుంది. మూత పెట్టాక ఇక ఎర్రబడే ప్రసక్తే లేదు. స్టవ్ మీది ప్రెషర్ కుక్కర్‌లో వేడి సుమారు 121 డిగ్రీలకు చేరుతుంది, ఇలాంటి ఎలక్ట్రిక్ వాటిలో సాధారణంగా 115 నుంచి 118 దాకానే. పదార్థం బాగా ఎర్రబడి వేపుడు రుచి రావాలంటే 140 డిగ్రీలైనా కావాలి, పైగా తడి ఉండకూడదు. అందుకే ఉల్లిపాయలు సెలవు రోజున ఒకేసారి పెద్ద మూకుడులో వేయించి, చిన్న డబ్బాల్లో పెట్టి ఫ్రీజర్లో ఉంచుతాను. వారమంతా ఏ వంటకైనా ఒక డబ్బా చాలు. స్టవ్ కుక్కర్ కోసం రాసిన వంటకాన్ని ఇందులో చేసేటప్పుడు కూడా సమయం కొంచెం పెంచుకోవాలి.

ఇంకో బటన్ గురించి గట్టిగా చెప్పాలి. చాలా మోడళ్లలో నెమ్మదిగా గంటల తరబడి ఉడికించే స్లో కుక్ మోడ్ ఉంటుంది. అందులో రాజ్మా ఎప్పుడూ వండకండి. ఎర్ర రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విష పదార్థం ఉంటుంది. బాగా మరిగితేనే అది పోతుంది. తక్కువ వేడిలో సగం సగం ఉడికితే ప్రమాదం ఇంకా పెరుగుతుంది, నాలుగైదు గింజలకే వాంతులు పట్టుకోవచ్చు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో 30 నిమిషాలు మరిగించమంటుంది. ప్రెషర్‌లో వండితే ఈ బెంగ లేదు. ఇంత ముఖ్యమైన విషయం నా కుక్కర్‌తో వచ్చిన పుస్తకంలో ఎక్కడా లేదు, అచ్చేసిన నలభై వంటకాలు మాత్రం ఉన్నాయి.

వండినది వేడిగా ఉంచే మోడ్‌ను థర్మామీటర్ పెట్టి చూశాను. 65 డిగ్రీల చుట్టూ ఉంటోంది. వండినది పాడవకుండా 60కి పైన ఉంటే చాలు కాబట్టి రాత్రి ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం ఉంచడానికి ఫర్వాలేదు. స్విచ్ ఆపేశాక మాత్రం అన్నాన్ని అందులోనే వదిలేయకూడదు, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయాలి. అన్నంలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు.

ఏళ్లు గడిచాక ఏం పాడైందంటే, ముందుగా లోపలి గిన్నె. నాన్‌స్టిక్ పూత రెండో ఏడాదికే అడుగున గీతలు పడి, ఆ తర్వాత రేకులు లేవడం మొదలైంది. స్టీలు గరిటె ఎప్పుడూ వాడలేదు. కంపెనీకి రాస్తే "వాడకం వల్ల అరిగింది, వారంటీ వర్తించదు" అని ఒక్క లైను జవాబు. అదే కొలతల స్టీలు గిన్నె విడిగా దొరికింది, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మీరు కొనేటప్పుడే స్టీలు గిన్నె ఉన్నదే తీసుకోండి.

తర్వాత మూత లోపలి సిలికాన్ రబ్బరు. వాసన పట్టేస్తుంది, ఎన్నిసార్లు కడిగినా వదలదు. వెల్లుల్లి వేసి వండిన మర్నాడు పాయసం చేస్తే తేడా తెలిసిపోతుంది. రెండు రబ్బర్లు ఉంచుకుని కారానికి ఒకటి, తీపికి ఒకటి వాడుతున్నాను. ఏడాది, ఏడాదిన్నరకు అది సాగి అంచుల నుంచి ఆవిరి కారడం మొదలవుతుంది. పిన్ ఎంతకీ లేవకపోతే మెషిన్ పాడైందని కంగారు పడేముందు ఆ రబ్బరు, పిన్‌కి కింద ఉండే చిటికెనవేలి గోరంత సిలికాన్ టోపీ చూడండి. పాత మోడల్ ఆఫర్‌లో కొనేవాళ్లు ధర చూసే ముందు ఈ రెండు స్పేర్లు ఇంకా అమ్ముతున్నారో లేదో చూసుకోవాలి. దొరకకపోతే సగం ధరకు వచ్చినా వద్దు.

దీనివల్ల సరుకులు కొనే తీరూ మారింది. ధర తగ్గించిన ఎండు గింజల ప్యాకెట్లను ఇప్పుడు అనుమానంగా చూస్తాను. వేడిగా, తేమగా ఉన్న చోట చాలాకాలం నిల్వ ఉన్న గింజ ఎంత ప్రెషర్ పెట్టినా ఉడకదు. చిటికెడు వంటసోడా వేస్తే కొంత నయం, కానీ రుచి చెడుతుంది. ప్యాకింగ్ తేదీ ఏడాది దాటితే వదిలేస్తాను. బాగా పండి మెత్తబడి సగం ధరకు ఇచ్చే టమాటాలు మాత్రం కనిపిస్తే వదలను. ఆ సాయంత్రమే ఉడికించి ఫ్రీజర్లో పెడతాను. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకే అనుకోవద్దు, కిలోకి ఎంత పడుతుందో లెక్క వేస్తే చిన్నదే నయమని చాలాసార్లు తేలింది. చవకగా కొన్నవాటిలో ఈ కుక్కర్ తర్వాత బాగా అక్కరకొచ్చింది చిన్న డిజిటల్ తూకం. బియ్యానికి, నీళ్లకు కొలత ఒకసారి కుదిరాక అన్నం ప్రతిసారీ ఒకేలా వస్తోంది.

సైజు గురించి అడిగేవాళ్లకు: 6 లీటర్లంటే 6 లీటర్ల వంట కాదు. గింజలు, బియ్యం, పప్పు నురుగు పొంగుతాయి కాబట్టి సగానికి మించి నింపకూడదు, మిగతావైనా మూడింట రెండు వంతుల దాకానే. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి 3 లీటర్లది చాలు అంటారు, అందులో గింజలకు మిగిలేది లీటరున్నర చోటే. పైన అన్నం గిన్నె కూడా పెట్టి వండాలనుకుంటే ఇద్దరికైనా 6 లీటర్లదే తీసుకోండి.