ఆర్ట్ లోకాన్ని వెక్కిరించిన ప్రింట్లు: హోగార్తా, దోమియేనా, బ్యాంక్సీనా, ఏది మేలు?

ఆర్టిస్టులే ఆర్ట్ లోకాన్ని ఏకిపారేసిన ప్రింట్లంటే (ఒకే బొమ్మని చాలా కాపీలుగా అచ్చేసినవి) నాకు ప్రాణం. ఎవరితో మొదలుపెట్టాలి అని ఎవరన్నా అడిగితే ముగ్గురి పేర్లు చెప్తా, లండన్ హోగార్త్, పారిస్ దోమియే, మన కాలపు బ్యాంక్సీ.

బ్యాంక్సీ సంగతి త్వరగా తేల్చేద్దాం. 'మోరాన్స్' అని 2006లో వేసిన స్క్రీన్‌ప్రింట్‌లో (సన్నటి జాలీ బట్ట మీంచి రంగు అద్ది అచ్చేసేది) ఒక వేలంపాట జరుగుతుంటుంది, ఫ్రేములో బొమ్మ బదులు "ఈ చెత్తని మీరు నిజంగా కొంటున్నారంటే నమ్మలేకపోతున్నా, మూర్ఖుల్లారా" అని రాసుంటుంది. 1987లో వాన్ గో పొద్దుతిరుగుడు పూల బొమ్మ క్రిస్టీస్‌లో దాదాపు రెండున్నర కోట్ల పౌండ్లకి పోయింది కదా, ఆ వేలమే దీనికి ఆధారం. మొదటిసారి గట్టిగా నవ్వొస్తుంది, రెండోసారికి కొత్తగా ఏమీ దొరకదు. పైగా 2021లో ఒక కంపెనీవాళ్ళు దీని కాపీ ఒకటి 95 వేల డాలర్లకి కొని, కెమెరా ముందు కాల్చేసి, దాని డిజిటల్ రూపాన్ని సుమారు 3.8 లక్షల డాలర్లకి అమ్ముకున్నారు. ఎవర్ని తిట్టాడో వాళ్ళకే లాభం వచ్చింది, నాకది మింగుడుపడదు.

దోమియేది వేరే దారి. రాజుని వెక్కిరించి 1832లో జైలుకెళ్ళాడు, 1835లో రాజకీయ బొమ్మల మీద సెన్సార్ వచ్చాక మామూలు జనం బతుకు మీదకి, సలోన్ అనే పారిస్ అధికారిక చిత్రప్రదర్శనల మీదకి మళ్ళాడు. రాయి మీద జిడ్డు క్రేయాన్‌తో గీసి అచ్చేసే లితోగ్రాఫ్ పద్ధతి కాబట్టి రోజువారీ పత్రికకి సరిపోయే స్పీడు ఉండేది. 1863 సలోన్‌లో కబనెల్ అనే చిత్రకారుడు వేసిన వీనస్‌ని (రోమన్ల అందాల దేవత) మూడో నెపోలియన్ చక్రవర్తి కొన్నాడు, అలాంటి నున్నటి వీనస్‌లకి అప్పట్లో ఉన్న గిరాకీ అది. దోమియే బొమ్మలో ఇద్దరు మధ్యతరగతి ఆడవాళ్ళు సలోన్ గోడల ముందు నిలబడి ఈ ఏడు కూడా వీనస్‌లేనా, ఇలాంటి ఒళ్ళున్న ఆడది ఎక్కడన్నా ఉంటుందా అని విసుక్కుంటుంటారు. చాలామంది ఆ ఆడవాళ్ళని చూసి నవ్వుతారు గానీ నాకైతే వాళ్ళు అన్నదాంట్లో తప్పేమీ కనపడదు.

ఒక్కటే ఎంచుకోమంటే మాత్రం హోగార్త్, 1761లో వేసిన ఎచింగ్ (లోహపు రేకు మీద ఆసిడ్‌తో గీతలు తొలిచి అచ్చేసేది). ముసలి కాలపురుషుడు విరిగిన విగ్రహం మీద కూర్చుని పైపు పొగని ఒక పెయింటింగ్ మీదకి ఊదుతుంటాడు, బొమ్మ నల్లబడిపోతుంటుంది, ఆయన కొడవలి కాన్వాస్‌ని చీల్చేసింది, పక్కనే ఒక పెద్ద వార్నిష్ జాడీ. పాతబడి మసిబారితే చాలు గొప్పదే అని నమ్మించే డీలర్లకీ, నమ్మే షోకిలాలకీ ఇంతకంటే సూటి జవాబు నేను చూడలేదు. దీని వెనక సొంత మంట కూడా ఉంది. 1758 వేలంలో ఇటలీ పాతకాలపు మహా చిత్రకారుడు కొరెజ్జోది అని చెప్పిన ఒక సిగిస్మండా (పాత ప్రేమకథలో నాయిక) బొమ్మ 400 పౌండ్ల పైనే పలికితే, అదే కథని హోగార్త్ తనూ వేసి 400 అడిగాడు, వేయమన్న రిచర్డ్ గ్రోవ్‌నరే వద్దన్నాడు, ఆ బొమ్మ చచ్చేదాకా హోగార్త్ దగ్గరే ఉండిపోయింది. తీరా చూస్తే ఆ 'కొరెజ్జో' అసలు కొరెజ్జోది కానే కాదు, ఫ్లారెన్స్‌కి చెందిన ఫురీని వేసింది.

కొనుక్కుందాం అనుకునేవాళ్ళకైతే దోమియేనే చెప్తా, ఆయన గీసినవి 4,000 దాకా ఉన్నాయి కాబట్టి పత్రిక కాగితం మీదవి ఇప్పటికీ దొరుకుతాయి. వెనకవైపు పత్రిక అక్షరాలు ఉంటే అది పేపర్లో వచ్చిన కాపీ, వెనక ఖాళీగా తెల్లగా ఉన్నవాటికి రేటు ఎక్కువ, అది చూసుకుని బేరమాడండి.